ఊపిరికీ ఒక అక్షరం

సంభాషణ పరిశోధకురాలు గెయిల్ జెఫర్సన్ రాసిన పేజీని మొదటిసారి చూసినవాళ్లు అది అచ్చుతప్పుల పుట్ట అనుకుంటారు. మాట చివర ఒకదాని పక్కన ఒకటిగా జంట చుక్కలు. వాక్యం తెగకుండానే సమాన చిహ్నం. బ్రాకెట్లలో 0.3, 0.8 అంటూ అంకెలు. పైకీ కిందికీ బాణాలు. కాస్త ఓపికపట్టి గుర్తులు తెలుసుకుని గొంతెత్తి చదివితే మాత్రం ఎవరో ఇద్దరు మనుషులు ఎదుట కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. జంట చుక్కల దగ్గర అచ్చు సాగుతుంది. అంకె దగ్గర అంతసేపూ మౌనం. బాణం దగ్గర గొంతు లేస్తుంది, లేదా దిగుతుంది. చిన్న సున్నాల మధ్య ఉన్న మాట గుసగుసగా పలుకుతుంది. మాట మీద మాట పడితే ఎక్కడ పడిందో చదరపు బ్రాకెట్ చూపిస్తుంది.

జెఫర్సన్ (1938–2008) లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నాట్యం చదువుకున్నారు. అక్కడే టైపిస్టుగా టేపులు విని మాటలను కాగితం మీదికి ఎక్కించే పని చేశారు. 1965లో సామాజిక శాస్త్రవేత్త హార్వీ శాక్స్ తరగతిలో చేరారు. శాక్స్ అంతకుముందే ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన ఫోన్ సంభాషణలను మళ్లీ మళ్లీ విని, మామూలు మాటల్లో కూడా అడుగడుగునా ఒక క్రమం ఉంటుందని గుర్తించారు. ఆ క్రమాన్ని కంటికి కనపడేట్టు చేసింది జెఫర్సన్ లేఖనం. ఆమె చెవి కాలాన్ని అంత సన్నగా కొలవడం వెనుక నాట్యశిక్షణ ఉందనే నా నమ్మకం. అడుగు ఏ క్షణాన నేలను తాకాలో తెలిసిన మనిషికే మాట ఏ క్షణాన మొదలైందో పట్టింపు ఉంటుంది.

ఆ పద్ధతిని తెలుగు మాటల్లో పెట్టి చూద్దాం. ఊరి నుంచి అత్తయ్య ఫోన్ చేసింది, హాస్టల్లో ఉన్న మేనల్లుడు ఎత్తాడు అనుకోండి.

అత్తయ్య: అన్నం తిన్నావా నాన్నా::?
(0.8)
మేనల్లుడు: .హ్హ్ ఆఁ (.) తిన్నానత్తయ్యా=
అత్తయ్య: =ఏం కూర?

మాటలు మాత్రమే ఏరుకుంటే ఒక ప్రశ్న, ఒక జవాబు, ఇంకో ప్రశ్న. గుర్తులతో చదివితే ఇదొక చిన్న నాటిక. అవునని చెప్పడానికి మనిషి సాధారణంగా తడుముకోడు. ఇబ్బందిపెట్టే జవాబే ఆగి ఆగి వస్తుంది. సంభాషణ పరిశోధకులు ఎన్నో సంభాషణల్లో చూపించిన విషయమిది. ఇక్కడ ముందు 0.8 సెకన్ల మౌనం. ఆ తర్వాత లోపలికి పీల్చిన ఊపిరి. ముందు చుక్క పెట్టిన ‘హ్హ్’ అదే. ‘ఆఁ’ తర్వాత రెప్పపాటు ఆగడం. అత్తయ్య అబద్ధం పట్టేసిందని ఏ మాటా చెప్పలేదు, సమాన చిహ్నం చెప్పింది: ఊపిరాడనివ్వకుండా ఆవిడ అందుకుంది. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్న ధ్వని, అంటే పలికిన మాటను దాటి స్ఫురించే అర్థం, ఈ ఫోన్ మాటల్లో నిండుగా ఉంది. దాన్ని అందుకోవడానికి సహృదయుడు కావాలన్నారు మన ఆలంకారికులు. అత్తయ్యను మించిన సహృదయ ఎవరు?

జెఫర్సన్ పనిలో నన్ను కట్టిపడేసేది నవ్వు. అందరూ ‘నవ్వుతూ’ అని బ్రాకెట్లో రాసి ముందుకు పోయే చోట ఆమె ఆగారు. ఒకావిడ కాస్త పచ్చిమాట అంటూ నవ్వే సందర్భాన్ని 1985లో అచ్చయిన వ్యాసంలో రెండు రకాలుగా రాసి చూపించారు. మొదటి రాతలో ఆవిడ మొత్తం వాక్యాన్ని నవ్వుతూ అన్నదని మాత్రమే ఉంది. రెండో రాతలో ఏ అక్షరంలో ఎంత నవ్వు కలిసిందో విడివిడిగా ఉంది. అలా రాసేసరికి అసలు సంగతి బయటపడింది. నవ్వు వచ్చి సరిగ్గా ఆ పచ్చిమాట మీదే పడింది. అది దాటగానే గొంతు తేటపడింది. అదుపు తప్పినట్టు కనిపించిన నవ్వు నిజానికి సభామర్యాద ఎరిగిన నవ్వు! అనరాని మాటను అంటూనే చెరిపేసింది. ఔచిత్యం గురించి మన శాస్త్రాల్లో ఎంతో చదివాం, ఇంత సూక్ష్మమైన ఉదాహరణ నేనింకెక్కడా చూడలేదు.

అంతకు ఏడాది ముందు ఆమె కష్టం చెప్పుకునేటప్పుడు వచ్చే నవ్వు గురించి రాశారు. మామూలుగా ఒకరు నవ్వితే అది రెండోవారిని కూడా నవ్వమని పిలవడమే. కష్టం చెప్పుకునేవాళ్లు మాత్రం తామే నవ్వుతారు, వినేవాళ్లు చాలావరకు నవ్వరు. చెప్పేవాళ్ల నవ్వులో తట్టుకుంటున్నాననే ధీమా ఉంటుంది. వినేవాళ్లు నవ్వకపోవడంలో నీ బరువు నాకు తెలుసుననే ఆదరం ఉంటుంది. నవ్వు కనిపించిన చోటల్లా హాస్యమే ఉంటుందనుకునే విమర్శకుడు ఇక్కడ కళ్లు తెరవాలి. పలుచటి నవ్వు కింద పారేది కరుణరసం.

శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, జెఫర్సన్ ముగ్గురూ 1974లో ‘లాంగ్వేజ్’ పత్రికలో మాటల వంతుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఒకరి వంతు ముగియబోతున్న చోటును ఎదుటివారు ముందే పసిగట్టి అందుకుంటారని అందులో చూపించారు. 2009లో వేరే పరిశోధకులు పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామాన్ని కొలిచారు. సగటున సెకనులో ఐదో వంతు వచ్చింది. భాషకూ భాషకూ కొంత తేడా ఉన్నా, ఒకరి మీద ఒకరు పడకుండా, మధ్యలో ఖాళీ పెరగకుండా మాట్లాడాలన్న తపన అన్నింట్లోనూ ఒకటే. ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే మనిషికి అంతకు రెండు మూడింతల సమయం పడుతుంది. అంటే ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే మనలో జవాబు తయారవుతూ ఉంటుంది. వినడం, పలకడం ఒకే ఊపిరిలో సాగుతాయి. రచ్చబండ దగ్గర కబుర్లలో రోజూ జరిగే ఈ విన్యాసానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

శాక్స్ 1975లో కారు ప్రమాదంలో పోయారు. ఆయన తరగతుల్లో చెప్పిన పాఠాలను జెఫర్సన్ టేపుల నుంచి రాసి, కూర్చి, 1992లో రెండు సంపుటాలుగా తెచ్చారు. ఆ శ్రద్ధా, గుర్తుల మీద చూపిన శ్రద్ధా ఒకటే: మనిషి పలికింది ఏదీ పొల్లు పోకూడదని.

తెలుగువాళ్లకు ఈ పట్టుదల పరాయిది కాదు. గిడుగు రామమూర్తి సవర వాళ్ల నోటి నుంచే సవర నేర్చుకుని వ్యాకరణం రాశారు, మన వాడుకమాటకు కాగితం మీద చోటు కోసం జీవితమంతా పోరాడారు. ఆ పోరాటంతో మాటకు గౌరవం వచ్చింది. సాగదీతలు, ‘ఊఁ’లు, దీర్ఘాలు తీసే పలకరింపులు, మింగేసిన జవాబులు కూడా అదే గౌరవానికి తగినవి. శ్రీకాకుళం యాస, సిద్దిపేట యాస, చిత్తూరు యాస పదాల్లో ఎంత ఉన్నాయో వాటి విరామాల్లోనూ అంతే ఉన్నాయని నేను నమ్ముతున్నాను. కథలో సంభాషణ రాసేవాళ్లు, నాటకం ఆడేవాళ్లు, భాషాశాస్త్రం చదివే పిల్లలు ఇంట్లో జరిగే పది నిమిషాల మాటలను, ఇంటివాళ్ల అనుమతితో రికార్డు చేసి, జెఫర్సన్ పద్ధతిలో ఒక్కసారి రాసి చూడాలి. మనవాళ్లు ఎంత గొప్పగా మాట్లాడతారో అప్పుడు తెలుస్తుంది.