పోషకుఁడు తొలఁగినను నిలిచిన పని

లాభాపేక్ష లేని సంఘములకు ఆపద వచ్చినప్పుడు మనము మొట్టమొదట ధనమును గూర్చియే విచారింతుము. ధనము లేక మూతపడిన సంఘములు లేకపోలేదు. కాని ధనము తొలఁగినను పని నిలిచిన సందర్భములును గలవు. అట్టివానిలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిఘంటు కార్యము పేర్కొనఁదగినది. పరిషత్తు 1911లో స్థాపితమైనది చెన్నపట్టణమున. పిదప కాకినాడకుఁ జేరినది. కావున రాష్ట్రేతరాంధ్రులమగు మనకు దాని గుణదోషములను విచారించుటకు మఱింత హక్కు కలదని నా తలంపు.

జయంతి రామయ్య పంతులుగారి కృషితో, పిఠాపురము మహారాజుగారి పోషణముతో సాగిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రథమ సంపుటము 1936లో వెలువడెను. నాలుగవ సంపుటము 1944లో వచ్చునప్పటికే, అనఁగా 1941లోనే, పంతులుగారు దివంగతులైరి. 1948 నాఁటి మద్రాసు శాసనముతో జమీందారీల కాలము తీఱినది. పూనినవారు లేరు, పోషించిన సంస్థానము లేదు. పని చిరకాలము కుంటువడినను, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తోడ్పాటున 1972 నాఁటికి ఎనిమిది సంపుటములును పూర్తియయ్యెను.

ఇది యెట్లు సాధ్యమైనది? దాతలు మాఱిరనుట సగము సమాధానమే. ఆ నిఘంటువున అర్థములకుఁ గావ్యప్రయోగములు చూపఁబడినవి. పండితుఁడు తనకుఁ దోఁచినది వ్రాయుటకు వీలు లేదు, సాక్ష్యము చూపవలెను. దీనిని మనము పాండిత్యనియమమని మాత్రమే యెన్నుదుము గాని, నా దృష్టిలో నిది సంఘనీతియే. సాక్ష్యము ముందున్నప్పుడు, పూర్వుని ముఖము చూడని ఉత్తరాధికారియు ఆ పనిని పరీక్షించి, దిద్ది, ముందునకుఁ గొనిపోఁగలఁడు. లెక్కలు ఒక్క కార్యదర్శి మనసులో నుంచుకొను సంఘములకు ఈ సౌకర్యము లేదు. (అట్టి సంఘములు మనలోఁ గొన్ని కలవని చెప్పుటకు సంకోచింపను.)

అయినను పరిషత్తు నేర్వని దొకటి కలదు. పర్లాకిమిడిలో నుండి గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాషకై వాదించుచుండఁగా, రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునకు నాయకులై నిలిచిరి. నీతి దృఢముగా నుండెను. చెవి మాత్రము మూసికొనియుండెను. ఫలితముగా గ్రంథములకెక్కని మాటలు నిఘంటువునకును ఎక్కలేదు. ఈ నష్టము మనకు అధికతరము. మన తాతముత్తాతల తెలుఁగులోఁ బెక్కు భాగము నోటిలోనే యుండెను గదా! నిఘంటువు తొలి సంపుటము వెలువడిన 1936లోనే పర్లాకిమిడి ఒరిస్సాలోఁ జేరుట గమనింపఁదగినది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము ఆ కొఱఁత నెఱిఁగి, పొలములోని రైతునే ప్రమాణముగాఁ గైకొనెను. చేనేతకు వేఱొక సంపుటము 1971లో వచ్చినది. సాక్ష్యము లేనిదే మాట చేర్పరాదన్న నియమము పోలేదు. సాక్షి మాత్రము మాఱెను. అయితే ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలకుఁ బరిమితము. హోసూరు రైతు, బళ్లారి రైతు, పర్లాకిమిడి రైతు అందు సాక్షులు కారు. ఆ పిలుపు మన సంఘముల నుండియే వెళ్లవలసియున్నది.