‘అండి’ జారిపోయిన చోట: కళాశాలకు ఈమెయిలు రాయించే పాఠంపై ఒక విమర్శ

మన పాఠశాల లేఖారచనలో మర్యాదకు రెండే స్థానాలు ఉన్నాయి: సంబోధన, సంతకం. ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కరించి వ్రాయునది’ అన్న ఆరంభం, ‘ఇట్లు తమ విధేయ విద్యార్థి’ అన్న ముగింపు సరిపోతే మార్కులు పడతాయి. ఇంటర్మీడియట్ దాటిన విద్యార్థి కళాశాలకు ఇంగ్లీషులో ఈమెయిలు రాయవలసి వచ్చినప్పుడు ఇదే అచ్చును వాడుకుంటాడు. ‘రెస్పెక్టెడ్ సర్’కూ ‘యువర్స్ ఒబీడియెంట్లీ’కీ నడుమ ‘వెన్ విల్ యూ గివ్ మై టీసీ’ అన్న వాక్యం నిలదీస్తున్నట్టు వినిపిస్తుంది. దీన్ని విద్యార్థి సంస్కారలోపంగా లెక్కగట్టడం తొందరపాటు. లోపం పాఠానిది.

తెలుగులో మర్యాద ప్రధానంగా క్రియను ఆశ్రయించి ఉంటుంది. ‘నా టీసీ ఎప్పుడిస్తారండీ?’ అన్న ప్రశ్న సూటిగా ఉన్నా నొప్పించదు. గౌరవ బహువచనం, ‘అండి’ కలిసి దాన్ని మెత్తబరుస్తాయి. అనువాదంలో ఆ రెండూ జారిపోతాయి. ‘యూ’లో నువ్వు, మీరు అనే భేదం లేదు. ఆ పనిని ఇంగ్లీషు ‘కుడ్ యూ’ వంటి రూపాలతో, పరోక్ష ప్రశ్నలతో, వర్తమానానికి భూతకాల క్రియను వాడి నెరవేర్చుకుంటుంది. ఈ సంగతి చెప్పకపోవడం వల్లనే విద్యార్థి ప్రతి వాక్యానికీ ఒక ‘కైండ్లీ’ తగిలిస్తాడు.

1987లో పుస్తకరూపంలో వచ్చిన పెనెలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్‌ల మర్యాద సిద్ధాంతం మూడు అంశాలను పరిగణిస్తుంది: వక్త, శ్రోతల మధ్య దూరం, అధికార భేదం, అడుగుతున్న పని మోపే భారం. మన పాఠం అధికారం ఒక్కదాన్నే గుర్తించింది. అధ్యాపకుణ్ణి సిఫారసు లేఖ అడగడం ఆయన సమయాన్ని కోరడం. చదువు ముగిసి బకాయిలు లేని విద్యార్థికి టీసీ ఇవ్వడం కార్యాలయం విధి. రెండింటికీ ఒకే వేడుకోలు నేర్పితే రావలసినదాన్ని కూడా దయగా అడిగే అలవాటు పదహారేళ్లకే స్థిరపడుతుంది. అర్జీల భాష నుంచి మనకు సంక్రమించిన ఈ విధేయతను భాషాబోధకులు తగినంతగా ప్రశ్నించలేదు.

ఈమెయిలులో మరొక మర్యాద ఉంది: చదివేవారికి శ్రమ తగ్గించడం. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ప్రవేశాల వేళ కార్యాలయ ఉద్యోగి ముందుగా చూసేది విషయ పంక్తిని. అక్కడ ‘రిక్వెస్ట్’ అని మాత్రమే ఉంటే ఆయనకు తెలిసేది శూన్యం. దరఖాస్తు సంఖ్య, కోర్సు, కావలసిన పని అక్కడే ఉంటే వెతుకులాట తప్పుతుంది. పరీక్షలో వీటికి మార్కులు కేటాయించనంతకాలం పిల్లలు సంబోధననే అలంకరిస్తూ ఉంటారు.

తరగతిలో ఉత్తరాన్ని ముందు తెలుగులో, మాట్లాడే తెలుగులోనే, రాయించవచ్చు. ‘అండి’ వచ్చిన ప్రతిచోటా గీత గీయించి, ఆ గీతకు ఇంగ్లీషులో ఏ నిర్మాణం సరితూగుతుందో చర్చించవచ్చు. తెలుగు అధ్యాపకుడూ ఇంగ్లీషు అధ్యాపకుడూ కలిసి చెప్పవలసిన అరుదైన పాఠాల్లో ఇదొకటి. అందిన ఉత్తరానికి జవాబివ్వడం కార్యాలయాలకు ఎవరు నేర్పాలన్నది మరో పత్రానికి సరిపడే విషయం.