సువ్వికి గుర్తు

బెలుం గుహల్లో ఒక భాగానికి ‘సప్తస్వర గుహ’ అని పేరు పెట్టారు. గుహల్ని 2002లోనే జనానికి తెరిచినా ఈ భాగాన్ని 2006 నుంచి చూపిస్తున్నారు. పైనుంచి మర్రి ఊడల్లా దిగిన సున్నపురాయిని కర్రతోనో వేలి కణుపులతోనో తడితే కంచుగిన్నె మోగినట్టు మోగుతుంది. ఒక్కో ఊడది ఒక్కో స్థాయి. మా అమ్మమ్మగారి ఊరు ఆళ్లగడ్డ దగ్గర కావడంతో, ఇంటికొచ్చిన చుట్టాల్ని కొలిమిగుండ్ల దాకా తీసుకుపోయి ఈ వింత చూపించడం మావాళ్లకొక ఆనవాయితీ.

నాకు ఆ రాళ్ల మోత కంటే ఆ పేరు మీదే ధ్యాస. ఏడే ఎందుకు? నీటిచుక్కలతో పేరుకున్న రాయి తన పొడవుకీ మందానికీ తగ్గట్టు మోగుతుంది. ‘స’కూ ‘రి’కీ నడుమ ఎక్కడైనా ఆగుతుంది. ఏడు అన్న లెక్క మనం దీపాలతో పాటు లోపలికి పట్టుకెళ్లింది. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని లూరే గుహల్లో లీలాండ్ స్ప్రింకిల్ అనే ఆయన ఇలాంటి ఊడలతోనే 1956లో ఒక ఆర్గన్ తయారుచేశాడు. మూడున్నర ఎకరాల్లో చెదిరి ఉన్న 37 ఊడలు. కీబోర్డు మీద మీట నొక్కితే రబ్బరు సుత్తి వెళ్లి ఊడను కొడుతుంది. కావలసిన స్వరం పలకని ఊడల్ని అరగదీసి శ్రుతిలోకి తెచ్చారు. అంటే పాశ్చాత్యుల స్వరలిపిలో ముందే గుర్తు ఉన్న స్వరం పలికేదాకా రాయి అరగాలి. బెలుంలో అంతపని చెయ్యలేదు, పేరుతో సరిపెట్టారు.

రాతి మోతకు పేర్లు పెట్టడం మన వైపు కొత్తేమీ కాదు. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. శిల్పశాస్త్రాల్లో రాయిని తట్టి, మోతను బట్టి పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడదీస్తారు. గంటలా మోగేది పురుషశిల, దేవుడి విగ్రహానికి. స్త్రీశిల అమ్మవారి విగ్రహానికీ, దేవుడి కింది పీఠానికీ. మోగనిది పునాదికి. ధ్వనిని రాసుకునే పద్ధతి ఎక్కడా అమాయకంగా ఉండదని నాకు మొదట తోచింది ఈ వర్గీకరణ చదివినప్పుడే.

సాహిత్యం చదువుకున్నదానికి స్వరలిపితో పనేమిటని అడగొచ్చు. పని ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు పుస్తకం. వెయ్యికి పైగా పుటలు, స్వరలిపితో పాటు తెలుగు వచనం. అయినా మన తెలుగు శాఖల్లో దాన్ని వచనంగా చదివిన పాపాన పోలేదు. సంగీతం వాళ్లది అని వదిలేశాం. సంగీతం వాళ్లేమో కీర్తనల కోసం తెరిచి ఆ వచనాన్ని దాటేస్తారు.

అంతకు ముందు పదకొండేళ్ల కిందటే, 1893లో, చిన్నస్వామి ముదలియారు మన కీర్తనల్ని యూరోపియన్ల ఐదు గీతల లిపిలో అచ్చువేశాడు. ఆ లిపి అందరికీ ఒకటే అనుకుంటాం గానీ, అందులోనూ వాయిద్యానికో గుర్తు. వయొలిన్ కాగితం మీద కమాను ఎటు లాగాలో చెప్పే గుర్తుంటుంది. పియానో కాగితం మీద పాదంతో ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు తియ్యాలో ఉంటుంది. మన మృదంగం పాఠం త, ది, తొం, నం అనే పాటాక్షరాలతో నడుస్తుంది. దీక్షితులవారి ప్రత్యేకత ఏమిటంటే, సరిగమల తెలుగు అక్షరాల నెత్తిన గమకానికో గుర్తు పెట్టడం. కంపితానికి అలల గీత. స్ఫురితానికి మూడు చుక్కలు, ప్రత్యాహతానికి అవే చుక్కలు తలకిందులుగా. ఎక్కే జారుకు ఒక వైపు వాలిన గీత, దిగే జారుకు రెండో వైపు వాలినది. ఒదుక్కల్‌కు ఇంటూ గుర్తు.

ఈ గుర్తుల్ని ఆయన వివరించే తీరు చూడండి. కంపితమంటే ఏమిటని చెప్పడానికి వీణ మెట్టు మీద ఎడమచేతి వేళ్లు ఉంచి తీగను కదిలించమంటాడు. ఒదుక్కల్ అంటే అదే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరం పలికించడం. ఆ గుర్తు నిజానికి చెవికి కాదు, చేతికి. ఆయన ఆ సంగతి దాచలేదు. అందుకే ఆ పుస్తకం మీద నాకు గౌరవం. కాకపోతే మెట్లున్న వాయిద్యం కోసం పుట్టిన గుర్తులు, మెట్లు లేని గొంతుకూ కొలతలై కూర్చున్నాయి. గొంతులో లాగడానికి తీగ ఏది?

వీణ అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పెళ్లిచూపులు. మా అమ్మ పెళ్లికి ముందు నేర్చుకున్న వీణ నోటుబుక్కు నా దగ్గరుంది. పాఠ్యపుస్తకాల పద్ధతే: సరిగమలు, దీర్ఘానికి కామా, ఇంకా దీర్ఘానికి సెమీకోలన్, రెండో కాలానికి నెత్తిన గీత, స్థాయికి పైనో కిందో చుక్క. గమకం గుర్తు ఒక్కటీ లేదు. అయితే అక్షరాల మధ్య పెన్సిలుతో చిన్నగా ‘లా’, ‘జా’ అని రాసుకుంది. ‘లా’ అంటే లాగు, ‘జా’ అంటే జారు. ఒకచోట ‘వేలు తియ్యకు’ అని ఉంది. దీక్షితులవారి పేరు కూడా వినని ఇరవై ఏళ్ల పిల్ల, ఆయనకు వచ్చిన చిక్కే తనకూ వస్తే, తనకు తోచిన గుర్తులు తయారుచేసుకుంది. పెళ్లయ్యాక వీణ పుట్టింటి అటక మీదే ఉండిపోయింది. నోటుబుక్కు మాత్రం అత్తగారింటికి తెచ్చుకుంది. ఎందుకు తెచ్చుకున్నావని అడిగితే, “కాగితానికి చోటెంత కావాలి!” అంది.

దీక్షితులవారి గ్రంథంలో క్షేత్రయ్య పదాలు కూడా కొన్ని స్వరసహితంగా ఉన్నాయి. స్త్రీ గొంతుతో రాసిన పదాలు, స్త్రీలే తరతరాలుగా పాడిన పదాలు, ఒక ఆస్థాన విద్వాంసుడి వీణ గుర్తుల్లో. అక్కడ ఉన్నది విలువైనదే, కాదనను. లేనిదేమిటో కూడా చెప్పుకోవాలి. చాలా పదాల్ని దేవదాసి సంప్రదాయంలో పల్లవితో మొదలుపెట్టరు. అనుపల్లవి ఎత్తుకుని, అది పాడాక పల్లవికి వస్తారు. వీణ ధనమ్మాళ్ ఇంట, ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త, బాలసరస్వతుల దాకా ఆ పదాలు నోటి నుంచి నోటికి వచ్చాయి. మనం అచ్చువేసుకున్న పదసంకలనాల్లోనేమో పల్లవి, అనుపల్లవి, చరణాలు, అదీ వరస. మన విమర్శకులు ఆ వరసలోనే చదివి, నాయిక ముందు నిష్ఠూరమాడి తరువాత కారణం చెబుతోందని వ్యాఖ్యానాలు రాశారు. పాడిన ఆడవాళ్ల వరసలో కారణమే ముందు వస్తుంది. నిష్ఠూరం దానిమీద వచ్చి పడుతుంది, మళ్లీ మళ్లీ పడుతుంది. ఒకసారి దెప్పుతూ, ఒకసారి జాలిగా, ఒకసారి నవ్వుతూ. అప్పుడు ఆ నాయిక కోపగత్తె అవుతుందా, లెక్క అడిగే మనిషి అవుతుందా? ఈ ప్రశ్న ఛందస్సుదో అలంకారశాస్త్రానిదో కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తు ఒకటి పుటలో లేకపోవడం వల్ల వచ్చింది. 1947 మద్రాసు దేవదాసి చట్టం దేవాలయ సమర్పణనూ, గుడి ఉత్సవాల్లో వాళ్ల నాట్యాన్నీ నిషేధించింది. ఆ చట్టం అవసరం మీద నాకు సందేహం లేదు. అయితే ఆ తరువాత పదం ఎక్కువగా పుస్తకంలోనే బతకాల్సి వచ్చింది, పుస్తకానికి ఆ గుర్తు తెలీదు.

ఇక నా సొంత విభాగానికి వస్తాను, జానపద స్త్రీల పాటలకు. కొలిమిగుండ్ల, కోవెలకుంట్ల పల్లెల్లో దంపుడు పాటలు సేకరించాను. బియ్యపు మిల్లులొచ్చాక ఆ పాట పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడే వినిపిస్తోంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో మార్చి మార్చి పోటు వేస్తారు. ‘సువ్వి’ అన్నమాట రోకలి పడేటప్పుడు వదిలే ఊపిరి. పాటకు అది కాలం, శ్రుతి, చేతికి ఆజ్ఞ. మృదంగానికి ‘తొం’ ఎలాగో రోకలికి ‘సువ్వి’ అలాగ. కోలాటంలో ‘కోల్’ కర్రకు గుర్తు. ఇవి వాయిద్యాల గుర్తులే. రోకలిని వాయిద్యాల జాబితాలో ఎవరూ చేర్చలేదు గనక మనకు అట్లా కనిపించలేదు.

మన సంకలనాల్లో ఏమవుతుంది? మొదటి పాదానికి ‘సువ్వి’ పూర్తిగా అచ్చవుతుంది. తరువాత రెండేసి నిలువు గీతల మధ్య ॥సువ్వి॥ అని సంక్షేపం. ఇంకా తరువాత అదీ ఉండదు. నా సిద్ధాంతగ్రంథం ప్రతిలో ‘సువ్వి’ ఉన్న ప్రతిచోటా మా పర్యవేక్షకులు ఎర్రసిరాతో కొట్టేసి, మార్జిన్‌లో ‘అర్థరహితం, పునరుక్తి’ అని రాశారు. గడువు దగ్గరపడింది, అవి లేకుండానే డిగ్రీ వచ్చింది. లేకుండా చదివితే ఆ పాటలన్నీ కథాగేయాలు. సీత కష్టాలు, అత్త ఆరళ్లు, అంతే. పెట్టి చదివితే ఒకచోట అత్త పేరు సరిగ్గా పోటు మీద పడుతుంది. ఆ పాదం దగ్గర నేను పోయిన ప్రతి ఊళ్లోనూ దంచేవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వుకు ఆధారం మాటలో లేదు, రోకలిలో ఉంది.

ఇప్పుడు ఆ పాటల్ని విడిగా పుస్తకం చేస్తున్నాను. ప్రతి పోటుకూ ‘సువ్వి’ ఉంచాను. రెండో మనిషి రోకలి పడేచోట మా అమ్మ నోటుబుక్కు పద్ధతిలో ‘ఎ’ అని చిన్నక్షరం పెట్టాను, ఎదురు పోటు అని. మూడు పుటల పాట తొమ్మిది పుటలైంది. ప్రెస్సాయన లెక్క వేసి, “ఇన్ని సువ్వులు అవసరమా అమ్మా, ఒకసారి వేసి గీతలు పెట్టేద్దాం” అన్నాడు. కాగితం ఖర్చు ఎంత పెరుగుతుందో అడిగాను. రేపు చెప్తానన్నాడు.