గోడకు ఒక్క కలంకారీ చాలు

రెండు పడకగదుల ఫ్లాటు, భార్యాభర్తలు, ఒకరిద్దరు పిల్లలు. ఇలాంటి ఇంటిని తీర్చిదిద్దమంటే మన డిజైనర్ల చూపు ముందు పైకప్పు మీదికి పోతుంది. ఫాల్స్ సీలింగ్, చుట్టూ ఎల్‌ఈడీ పట్టీలు, టీవీ వెనక నిగనిగలాడే లామినేటు. ఉన్న ఎత్తు తగ్గుతుంది, డబ్బు కరుగుతుంది, ఇల్లు మాత్రం పక్క ఫ్లాటుకి నకలుగా మిగులుతుంది. చిన్న ఇంటికి కళ తెచ్చేది గుడ్డ, అందులోనూ కలంకారీ. చీరల మీదికి అది తర్వాత వచ్చింది. మొదట గుళ్లో తెర, మంచం మీద దుప్పటి, గోడకు వేలాడే బొమ్మల బట్ట. మన కోస్తా అద్దకాలు ఓడలెక్కి ఐరోపా ఇళ్లలో చేరితే, స్వదేశీ నేత దెబ్బతింటుందని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇల్లు అలంకరించడం దానికి కొత్త కొలువేం కాదు.

పనితనం చూడండి. శ్రీకాళహస్తిలో నూలుగుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. వెదురుపుల్లకు ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారం బిగిస్తే అదే కలం. ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీటిలో దాన్ని ముంచి గీస్తే, కరక్కాయ తగిలిన చోట గీత నల్లబడుతుంది. ఎరుపు ఇంకా చిత్రం. ఎర్రగా రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు. తర్వాత గుడ్డను ఎర్రరంగు వేళ్లతో ఉడికిస్తే, పటిక పూసిన చోటే రంగు పట్టి నిలుస్తుంది. అంటే కళాకారుడు తన ఎరుపును మనసులోనే చూసుకుంటూ పూయాలి! తండ్రి దగ్గర నేర్చి 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గీత ఈ విద్యకు కొలమానం. పెడన చెక్క అచ్చుల పనీ గొప్పదే, దుప్పట్లకు దానికి మించింది లేదు. గోడకు మాత్రం నా ఓటు కలానికే.

‘పురాణాల బొమ్మలు ఇప్పటి సోఫాల పక్కన నప్పవు’ అనేవాళ్లున్నారు. నప్పనిది బొమ్మ కాదు, చుట్టూ ఉన్న రద్దీ. గోడకు మీగడరంగు, సోఫాకు సాదా ఖాదీ, ఆ గుడ్డలోంచే ఏరిన ఎరుపులో రెండు దిండ్లు పెట్టి, మధ్యలో ఒక్క జీవవృక్షం వేలాడదీయండి, చాలు. పురాణమే వద్దనుకుంటే కొమ్మలూ పిట్టలూ ఉన్నాయిగా. రంగు వెలుస్తుందన్న భయం నిజమే. ఎండ నేరుగా పడని గోడ చూసుకోవాలి, చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయాలి. పిల్లలు పాడుచేస్తారా? వాళ్లకి అందే చోట అచ్చు దుప్పటి, అందని చోట కలం పని.

మిగిలింది ధర. ఇక్కడే కడుపు మండుతుంది. భౌగోళిక గుర్తింపు వచ్చింది, నకిలీ ఆగలేదు. పాలియెస్టరు మీద యంత్రం ముద్రించిన బొమ్మను కలంకారీ పేరుతో అమ్ముతుంటే, వారాలపాటు వంగి గీసిన మనిషి దాని ధరతో పోటీ పడాలా? గుర్తుపట్టడం కష్టం కాదు. చేతి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది, ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండవు. యంత్రానికి ఆ తేడా చేతకాదు, వెనక వైపు వెలవెలబోతుంది. ఇంటికోసం ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టడానికి సిద్ధపడే మనం, కొనేముందు గుడ్డను ఒక్కసారి తిరగేసి చూడలేమా?