వాల్పొల రాహుల: రెండు గ్రంథాల మధ్య ఒక భిక్షువు

బౌద్ధాన్ని ఇంగ్లీషులో అధ్యయనం చేయదలచిన వారిలో అనేకులు మొదట చేతికి తీసుకొనే గ్రంథం 1959లో వెలువడిన 'వాట్ ద బుద్ధ టాట్'. దాని రచయిత వాల్పొల రాహుల (1907–1997) శ్రీలంకకు చెందిన థేరవాద భిక్షువు. ఈ ఒక్క గ్రంథం ద్వారానే ఆయనను ఎరిగినవారు ఆయనను సగమే ఎరుగుదురని మా అభిప్రాయం.

ఆయన పాండిత్యం సందేహానికి అతీతమైనది. పిరివెనలో సంప్రదాయ విద్యను, సిలోన్ విశ్వవిద్యాలయంలో ఆధునిక విద్యను అభ్యసించారు. థేరవాదియై యుండి కూడా పారిస్‌లో మహాయాన అధ్యయనం చేసి, అసంగుని 'అభిధర్మసముచ్చయ'ను ఫ్రెంచిలోనికి అనువదించారు (1971). 1964లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించారు.

అయితే ఆయన స్వదేశాన్ని కదిలించిన గ్రంథం వేరు. అది 1946లో సింహళంలో వ్రాసిన 'భిక్షువగె ఉరుమయ', అనగా భిక్షువు వారసత్వం. భిక్షువులు రాజకీయాలలో పాల్గొనవచ్చునా అనే వాదం తీవ్రంగా సాగుతున్న కాలమది. ప్రజల విద్య, సంస్కృతి, స్వాతంత్ర్యం కొరకు పాటుపడడం భిక్షువుకు క్రొత్త పని కాదనీ, పరపాలనలోనే అతడు కర్మకాండలకు పరిమితుడైనాడనీ రాహుల వాదించారు. ఈ విమర్శ క్రైస్తవ మిషనరీల చరిత్రను కూడా తాకుతుంది. దానిని ఖండించుటకు త్వరపడక, ముందు వినవలసియున్నాము.

చిక్కు మరొకచోట ఉంది. బౌద్ధవ్యాప్తిలో రక్తపాతం జరుగలేదని 1959 గ్రంథం చెబుతుంది. కాని 1946 గ్రంథం భిక్షువు వారసత్వానికి నిదర్శనాలు వెదకినచోట దుట్టగామణి యుద్ధం కూడా ఉన్నది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఆ రాజు అనురాధపురాన్ని ఏలుతున్న చోళుడైన ఎళారునిపై దండెత్తినప్పుడు భిక్షువులు వెంట నడిచారని 'మహావంశం' కథనం. యుద్ధానంతరం రాజు పశ్చాత్తాపపడగా, చనిపోయిన వారిలో మనుష్యులుగా లెక్కింపదగినవారు ఒకటిన్నర మందేనని అర్హతులు ఓదార్చారట: ఒకడు త్రిశరణాలతో పాటు పంచశీలను స్వీకరించినవాడు, మరొకడు త్రిశరణాలు మాత్రమే స్వీకరించినవాడు. తక్కినవారు లెక్కలోనికి రాలేదు. మతం వ్యాపింపజేయుటకు రక్తం చిందించకపోవడం ఒకటి. మతరక్షణ పేరిట చిందిన రక్తాన్ని సమర్థించడం మరొకటి. మొదటి గ్రంథం అడిగించిన ప్రశ్నకు రెండవది సమాధానం చెప్పలేదు.

ఇది గ్రంథాలకు పరిమితమైన విషయం కాదు. 1956 ఎన్నికలలో భిక్షువులు విస్తృతంగా ప్రచారం చేశారు; ఆ యేడే సింహళం ఏకైక అధికార భాషయైంది. ఆ ఎన్నికలలో గెలిచిన ప్రధాని బండారనాయకె 1959లో ఒక భిక్షువు చేతిలోనే హతుడయ్యాడు. 1983 నుండి 2009 వరకు అంతర్యుద్ధం సాగింది. ఈ భారాన్ని రాహులపై మోపడం అన్యాయం. విదేశీ పాలనలో అణగిన ప్రజల పక్షాన ఆయన కలం పట్టారు. కాని ఆ ప్రజలే అధికారంలోనికి వచ్చి, వారి ప్రక్కన మరొక భాష మాట్లాడేవారు బలహీనులైనప్పుడు భిక్షువు ఎవరి పక్షాన నిలువవలెను? దీనికి కొలబద్దను ఆయన ఇవ్వలేదు.

కావున ఈ రెండు గ్రంథాలను ప్రక్కప్రక్కన ఉంచి చదువవలెనని మా మనవి. సమాజసేవను మతాచార్యుని ధర్మంగా చాటిన రాహుల మనకు గురుతుల్యులు. ఆ సేవ 'మన ప్రజలు' అనే గీత దగ్గర ఆగిపోతే ఏమగునో కూడా ఆయన రచనలే నేర్పుతున్నవి. ఆ ఒకటిన్నర లెక్క ఏ మతంలోనైనా వినిపించవచ్చును. మన మధ్య వినిపించినప్పుడు దానిని గుర్తించగలమా అన్నదే ప్రశ్న.