మెదక్ సిలువ గవాక్షం: వర్తన, ఉద్దీపన విభావం

క్రైస్తవ చిత్రకళలో వెలుగునీడల చర్చ సాధారణంగా కారవాజ్జియో, రెంబ్రాంట్ల తైలవర్ణ చిత్రాలతో మొదలవుతుంది. అక్కడ వెలుగు కూడా రంగే. ఏ వేళ చూసినా క్రీస్తు ముఖం మీది కాంతి చిత్రకారుడు ఉంచినచోటనే ఉంటుంది. ఈ కొలమానాన్ని మెదక్ కెథీడ్రల్ రంగుటద్దాల గవాక్షాలకు యథాతథంగా అన్వయించడం పొరపాటు.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన ఈ మందిరానికి మూడు గవాక్షాలను రూపొందించినవాడు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ (1874-1962). ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వెలిశాయి. కథాంతంలోని ఆరోహణమే ముందుగా రావడం గమనార్హం. రూపచిత్రాలతో పేరుపొందినా, సాలిస్‌బరీ తొలుత అన్నగారి కర్మశాలలో గాజుపని నేర్చినవాడు. కనుక గాజు స్వభావం ఆయనకు కొత్త కాదు.

విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం ఛాయను చూపే విధానాన్ని వర్తన అన్నది. పత్రజం, ఆహైరికం, బిందుజం అని దాన్ని మూడు విధాలుగా విభజించింది. ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను మెచ్చుతారనీ చెప్పింది. గాజుచిత్రంలో ముఖ్యమైన రేఖ సీసపు పట్టీ. వర్తన, గాజుపై పూసి కొలిమిలో కాల్చిన ముదురు లేపనం. ఆ లేపనాన్ని కుంచెమొనతో చుక్కలుగా అద్దే పద్ధతి బిందుజానికి చాలా దగ్గరిది. అయితే గోడమీది బొమ్మలో నీడ రంగు చేర్చితే వస్తుంది. గాజులో సూర్యుణ్ణి అడ్డితే వస్తుంది.

సిలువ ఘట్టంలో ఈ భేదం చిక్కుముడి అవుతుంది. మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం మధ్యాహ్నం మొదలు మూడు గంటలవరకు దేశమంతటా చీకటి కమ్మింది. తైలచిత్రకారుడు నేపథ్యాన్ని నలుపుతో నింపి ఆ చీకటిని చూపగలడు. గాజుపై నలుపు పెరిగినకొద్దీ బొమ్మే మరుగవుతుంది. సూర్యుడు ముఖం దాచుకున్న ఘట్టం కంటబడాలంటే బయట సూర్యుడు ఉండితీరాలి. కరుణరసానికి ఆలంబనం గాజుమీదనే ఉన్నది. ఉద్దీపనం మాత్రం కృతికి వెలుపల, మెదక్ ఆకాశంలో ఉన్నది. విభావ విభజనలో ఇటువంటి స్థితికి చోటు వెదకవలసిందే.

పొద్దు వాలాక లోపల నిలిచినవారికి రంగులు అణగి, నల్లని సీసపు వల మిగులుతుంది. సువార్త చెప్పిన చీకటికి ఇదే సన్నిహితమైన వేళ. కాని అప్పుడు చూడడానికి సిలువ కనిపించదు. ఛాయాచిత్రాలను ఆధారం చేసుకొని ఈ గవాక్షంలోని నీలిమను, శోణిమను వ్యాఖ్యానించేవారు, అవి ఏ వేళ తీసినవో ముందుగా నమోదు చేయవలసి ఉంటుంది.