రాజమహల్ గోడల్లో డంగు సున్నం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి పిల్లాపాపలతో తిరుపతి పోయేవాళ్లు కొండ దిగాక చంద్రగిరి కోటకు ఒక పూట కేటాయించాలి. హంపిని పొగిడేవాళ్లు పొగుడుకోనీ, 1986లో యునెస్కో పట్టికకెక్కిన ఊరది. మా సీమ తూర్పు పిల్లలకు మొదట చూపించాల్సింది మాత్రం చంద్రగిరి రాజమహలే. మూడంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నమే తప్ప అందులో కట్టెముక్క వాడలేదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సాళువ నరసింహుడు ఇక్కడి నుంచే విజయనగర సింహాసనం దాకా ఎదిగాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక రాజధాని పెనుకొండకు, తర్వాత ఇక్కడికి చేరింది. మద్రాసులో ఇంగ్లీషువాళ్లకు చోటిచ్చిన 1639 నాటి పత్రం ఈ మహల్లోనే పుట్టిందని చెప్పుకుంటారు.

దర్బారు హాల్లో మా అక్క కొడుకు తలెత్తి, "మామా, దూలాలు లేకుండా మిద్దె ఎట్లా నిలబడింది?" అన్నాడు. పెద్దవాళ్లు రాజుల పేర్లు అడుగుతారు. వాడు బేల్దారి అడగాల్సిన ప్రశ్న అడిగాడు! కమానులో ఇటుకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలుస్తాయి. పైబరువు పక్కలకు జరిగి మందపాటి గోడల్లోకి దిగిపోతుంది. ఆ సందులన్నిటినీ పట్టి ఉంచేది డంగు సున్నం.

దాని తయారీ తలచుకుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది. కాల్చిన సున్నపురాయిని గుంటలో నీళ్లు పోసి వారాల తరబడి మగ్గనిచ్చేవాళ్లు. ఇసుక కలిపి గానుగలో వేసి, ఎద్దులు రాతిచక్రం తిప్పుతుంటే వెన్నలా అయ్యేదాకా నూరేవాళ్లు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. కోడిగుడ్డు సొన కూడా పోసేవాళ్లని పాతవాళ్లు అంటారు. ముతక పూత మీద సన్నపు పూత, దాని మీద ఇంకా సన్నటిది. చివరి పూతను నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుపు తెచ్చేవాళ్లు. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు, అదీ పనితనం. మిద్దె మీదైతే ఆడవాళ్లు వరసగా కూర్చుని పాటలు పాడుతూ చెక్కలతో దిమ్మిస కొట్టేవాళ్లు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ రాయిగా మారుతుంది. హంపి కమలమహల్ కమానుల మీద అంచులంచులుగా తీర్చిన గచ్చుపని చూసిన కళ్లకు ఇంకేం ఆనుతుంది? ఇంత చేసిన మేస్త్రీల పేర్లు మాత్రం ఏ శాసనంలోనూ నా కంటపడలేదు.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగేది చూస్తే కడుపు మండుతుంది. మా వైపు ఒక పాత గుడికి జీర్ణోద్ధరణ అని చెప్పి, నిక్షేపంగా ఉన్న సున్నపు పూతను గునపాలతో పెళ్లగించారు. సిమెంటు మెత్తి, పైన నూనె రంగులు పూశారు. మూడు వానాకాలాలు దాటలేదు, గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగింది, ఇటుక పొట్టులా రాలుతోంది. సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది, లోపలి ఉప్పు ఇటుకను తినేస్తుంది. గట్టిగా ఉందని మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? పుంగనూరు జమీందారుల కాలం నాటి గోడలకూ ఇదే గతి పట్టిస్తామా?

గుళ్లకూ పాత మిద్దెలకూ మరమ్మతు పనులు రాసే ఇంజనీర్లకు నా విన్నపం: అంచనాలో సిమెంటు మూటల లెక్క కొట్టేసి, డంగు సున్నం అని రాయండి. ఖర్చు ఎక్కువైతే కానీండి, ఆలస్యమైతే కానీండి. మీ ఊళ్లో గానుగ సున్నం పట్టిన ముసలి బేల్దారి ఎవరైనా మిగిలుంటే, కూలి మీరే ఇచ్చి ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్లను పెట్టండి. ఈ ఎండాకాలంలోపే పెట్టండి.